ట్రయల్ యాక్టివేట్ కావట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

మా అక్క కూతురు నల్గొండ నుంచి వచ్చి ఎస్సార్ నగర్‌లో హాస్టల్లో ఉంటోంది, వీడియో ఎడిటింగ్ కోర్సు చేస్తోంది. మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకు ఫోన్ చేసింది. "పొద్దటి నుంచి సాఫ్ట్‌వేర్ ఫ్రీ ట్రయల్ యాక్టివేట్ చేస్తున్న చిన్నమ్మా, అయితలేదు. వైఫై నిండుగ ఉంది, అయినా నెట్ లేదంటుంది. పక్క రూం అమ్మాయికి తెలిసిన అన్న ఉన్నడట, ఐదొందలిస్తే కొనకుండనే నడిచేటట్టు క్రాక్ వేసిస్తడట, వేయించుకోనా?" మర్నాడు క్లాసులో ప్రాజెక్టు చూపించాలి, గొంతులో ఏడుపు తెలుస్తోంది.

వీడియో కాల్ పెట్టించి, లాప్‌టాప్ స్క్రీన్ కింద కుడి మూల చూపించమన్నాను. తేదీ 01-01-2015 అని ఉంది.

తను పొద్దుననగా మొదలుపెట్టి, సాఫ్ట్‌వేర్ మూడుసార్లు తీసేసి మూడుసార్లు మళ్లీ వేసింది. కారణం ఆ మూలనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. నేను అమీర్‌పేటలో డీటీపీ పని చేస్తాను, మైత్రివనం చుట్టుపక్కల కోర్సులకు వచ్చే పిల్లలు ప్రింట్లకు వచ్చి ఇవే కష్టాలు చెప్తుంటారు. ట్రయల్ యాక్టివేట్ కాకపోతే తప్పు చాలాసార్లు మన మెషిన్‌లోనే ఉంటుంది, ఒక వరుసలో చూసుకుంటూ పోతే అరగంటలో దొరుకుతుంది, దానికోసం ఎవరికీ డబ్బులు ఇవ్వక్కర్లేదు.

మొదట తేదీ. సాఫ్ట్‌వేర్ తన కంపెనీ సర్వర్‌తో మాట్లాడేటప్పుడు, ఆ సర్వర్ అసలుదేనని తేల్చుకోవడానికి ఒక సర్టిఫికెట్ చూస్తుంది. ఆ సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. మన లాప్‌టాప్ 2015లో ఉంటే దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, కాబట్టి కనెక్షన్ తెంచేస్తుంది, సాఫ్ట్‌వేర్ ఏమో మనకు "ఇంటర్నెట్ లేదు" అని చెప్తుంది. బ్రౌజర్ తెరిచి ఉంటే గడియారం తప్పుగా ఉందని అదే చెప్పేది, కానీ తను ఇన్‌స్టాలర్‌ని ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంది, బ్రౌజర్ తెరవలేదు.

విండోస్‌లో సెట్టింగ్స్, అందులో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్‌కి వెళ్లి, టైమ్ ఆటోమేటిక్‌గా సెట్ అయ్యే స్విచ్ ఆన్ చేసి, కింద ఉన్న సింక్ నౌ నొక్కండి. టైమ్ జోన్ కూడా చూడండి, మనది +05:30, చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉంటుంది. సెకండ్ హ్యాండ్ మెషిన్లలో ఇది అమెరికా జోన్‌లో ఉండిపోవడం చాలాసార్లు చూశాను.

సరిచేసినా, ఆఫ్ చేసి ఆన్ చేయగానే తేదీ మళ్లీ వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ అయిపోయినట్టు. సీఆర్2032 అంటారు, రూపాయి బిళ్లంత ఉంటుంది, 3 వోల్టులు. డెస్క్‌టాప్‌లో అయితే మనమే మార్చుకోవచ్చు. లాప్‌టాప్‌లో కొన్నింటికి వైరుతో కలిపి ఉన్న బిళ్ల వస్తుంది, కొన్నింటికి అసలు విడిగా ఉండదు, కాబట్టి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో గానీ మీ వీధిలో నమ్మకమున్న షాపులో గానీ విప్పించి చూపించండి. చిన్న పని, దీనికోసం ఫార్మాట్ అక్కర్లేదు. ఎవరైనా ఫార్మాట్ కొట్టాలంటే ఎందుకని అడగండి.

ఇక్కడే ఇంకో మాట. ట్రయల్ రోజులు పెంచుకోవడానికి తేదీ వెనక్కి తిప్పమని కొందరు సలహా ఇస్తారు, తిప్పకండి. చాలా సాఫ్ట్‌వేర్లు కిందటిసారి ఎప్పుడు తెరిచారో గుర్తు పెట్టుకుంటాయి, కాలం వెనక్కి నడిచినట్టు కనిపిస్తే మిగిలిన రోజులు కూడా మూసేస్తాయి.

తేదీ సరిగ్గా ఉండి కూడా కాకపోతే నెట్ సంగతి చూడాలి. హాస్టల్ వైఫైలు చాలావరకు కనెక్ట్ అయ్యాక ఒక పేజీ తెరిచి నంబర్ కొడితే గానీ పని చేయవు, ఆ పేజీ దాటేదాకా గుర్తు నిండుగా కనిపించినా నెట్ లేనట్టే. ఇన్‌స్టిట్యూట్ ల్యాబుల్లో డౌన్‌లోడ్‌లు, తెలియని సర్వర్లు బ్లాక్ చేసి పెడతారు. తేల్చుకోవడానికి సులువైన దారి మీ ఫోన్ హాట్‌స్పాట్. యాక్టివేషన్‌కి డేటా చాలా కొంచెమే పడుతుంది, ఆ ఒక్క నిమిషం ఫోన్ నెట్ వాడి తర్వాత మళ్లీ వైఫైకి మారిపోవచ్చు. వీపీఎన్ (మీరు వేరే చోట ఉన్నట్టు చూపించే యాప్) ఉంటే ఆపేయండి, ఎందుకంటే కార్డు ఇండియాది, మెషిన్ వేరే దేశంలో ఉన్నట్టు కనిపిస్తే అకౌంట్‌నే అనుమానిస్తారు. ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్‌లో అయితే మాత్రం మీ సొంత ట్రయల్స్ వేయొద్దు, అది అవ్వనివ్వకపోవడం వాళ్ల ఐటీ టీమ్ పని, మీరు మొండిగా ప్రయత్నిస్తే ఉద్యోగానికే తలనొప్పి.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. హైటెక్ సిటీ కంపెనీలు వదిలేసిన లాప్‌టాప్‌లు, ఇంతకుముందు ఎవరో విద్యార్థి వాడి అమ్మేసినవి మనవాళ్లు చాలామంది కొంటారు, తప్పేం లేదు, నా మెషిన్ కూడా అలాంటిదే. కానీ పాత యజమాని ఎప్పుడో క్రాక్ వేసి ఉంటే దాని మురికి లోపలే ఉండిపోతుంది. క్రాక్ వేసేటప్పుడు చేసే మొదటి పని, సాఫ్ట్‌వేర్ తన కంపెనీతో మాట్లాడకుండా దారి మూసేయడం. మీరు ఈరోజు నిజాయితీగా అదే కంపెనీ ట్రయల్ వేస్తే ఆ మూసిన దారి దగ్గరే ఆగిపోతుంది, కారణం తెలియక మీరు రోజంతా కొట్టుకుంటారు.

చూసే విధానం ఇదీ. స్టార్ట్ మెనూలో నోట్‌ప్యాడ్ వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. మామూలుగా తెరిస్తే తర్వాత సేవ్ కాదు. ఫైల్, ఓపెన్ నొక్కి సి డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో ఈటీసీ ఫోల్డర్‌కి వెళ్లండి. అక్కడ ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి, కింద టెక్స్ట్ ఫైల్స్ అని ఉన్నదాన్ని ఆల్ ఫైల్స్‌గా మారిస్తే హోస్ట్స్ అనే ఫైల్ బయటపడుతుంది. తెరవండి. హ్యాష్ (#) గుర్తుతో మొదలయ్యే లైన్లు వివరణలు మాత్రమే, వాటి జోలికి పోవద్దు. 127.0.0.1 అనో 0.0.0.0 అనో మొదలై పక్కన మీరు వేస్తున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ అడ్రస్ ఉన్న లైన్లు కనిపిస్తే అవే దోషులు. ఆ అంకె అర్థం "ఈ అడ్రస్ కోసం బయటికి పోకు, ఇక్కడే తిరుగు" అని. ఒకసారి మా దగ్గరికి వచ్చిన బీటెక్ అబ్బాయి లాప్‌టాప్‌లో అలాంటి లైన్లు స్క్రీన్ కిందికి జరుపుతుంటే వస్తూనే ఉన్నాయి, వాడు ఆ సాఫ్ట్‌వేర్ పేరు కూడా అంతకుముందు వినలేదు. అవి మాత్రం తీసేసి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేయండి. విండోస్ ఫైర్‌వాల్‌లో (నెట్ రాకపోకలకు కాపలా ఉండేది) అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి అవుట్‌బౌండ్ రూల్స్‌లో కూడా ఆ కంపెనీ పేరుతో ఎర్ర గుర్తు ఉన్న రూల్ ఏదైనా ఉందేమో చూడండి, ఉంటే తీసేయండి. ఇలాంటి మెషిన్‌లో అదొక్కటే కాకుండా ఇంకేం దాక్కుని ఉందో తెలీదు, కాబట్టి యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ పెట్టి పడుకోండి. ఫార్మాట్‌కి అర్హత ఉన్న సందర్భం ఏదైనా ఉందంటే ఇదే.

పాత మెషిన్లలోనే వచ్చే ఇంకో సమస్య, "మీ ట్రయల్ గడువు ముగిసింది" అని మొదటి రోజే చూపించడం. మీరు కొత్త మెయిల్‌తో వచ్చినా, ఈ మెషిన్ మీద ఇదివరకే ట్రయల్ వాడారని వాళ్ల సర్వర్‌లో రాసి ఉంటుంది, తీసేసి మళ్లీ వేస్తే ఆ రాత చెరగదు. దీనికి అడ్డదారులు వెతక్కుండా వాళ్ల సపోర్ట్‌కి రాయండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, బిల్లు ఇదిగో, నేను ఇంతవరకు వాడలేదు అని నాలుగు లైన్లు చాలు. అందరూ ఒప్పుకోరు, కానీ రోజులు పొడిగించినవాళ్లనూ చూశాను. సపోర్ట్ నంబర్ మాత్రం గూగుల్‌లో వెతికి పైన వచ్చినదానికి ఫోన్ చేయకండి, దయచేసి. సాఫ్ట్‌వేర్‌లోనే హెల్ప్ మెనూ నుంచి వెళ్లండి. ఎవరైనా ఫోన్లో స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమని, ఓటీపీ చెప్పమని అంటే వాళ్లు ఆ కంపెనీ వాళ్లు కాదు. డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చిన్న చిన్నవి కొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. విండోస్ యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్నవాళ్లకు కొన్ని ఇన్‌స్టాలర్లు మధ్యలో ఆగిపోతాయి, ఎందుకంటే యూజర్ ఫోల్డర్ పేరు కూడా తెలుగులోనే తయారవుతుంది, దాన్ని ఆ ఇన్‌స్టాలర్ చదవలేదు. మన పేరు మన లిపిలో ఉండాలనుకోవడం న్యాయమే, నాకూ ఇష్టమే, కానీ పేరు తర్వాత మార్చినా ఫోల్డర్ పేరు మారదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో ఇంకో యూజర్ తయారుచేసి అందులో వేసుకోవాలి. సైన్ ఇన్ విషయంలో, మొదటిసారి గూగుల్ బటన్‌తో వెళ్లారా, మెయిల్ పాస్‌వర్డ్ కొట్టి వెళ్లారా గుర్తు పెట్టుకోండి, కొన్ని చోట్ల ఆ రెండూ వేర్వేరు అకౌంట్లుగా తయారై ట్రయల్ ఒకదాంట్లో, మీరు ఇంకోదాంట్లో ఉంటారు. ఇక లైసెన్సు కీ కొట్టేటప్పుడు ఓ అక్షరమా సున్నానా అని తికమక పడేవాళ్లకు ఒక సంగతి: మైక్రోసాఫ్ట్ వాళ్ల 25 అక్షరాల కీలో ఆ రెండూ అసలు వాడరు, ఒకటి అంకె గానీ ఐ అక్షరం గానీ కూడా ఉండవు. మీకు అలా కనిపించిందంటే డీనో జీనో క్యూనో తప్పు చదివినట్టు. వాట్సాప్‌లో వచ్చిన కీని కాపీ చేస్తే చివర ఒక ఖాళీ కూడా అతుక్కుని వస్తుంది, అది చెరిపేయండి.

ఇప్పుడు డబ్బుల విషయం, దీని మీద కొంచెం ఎక్కువ సేపు ఉంటాను, ఎందుకంటే ఏడుపులన్నీ ఇక్కడే.

చాలా ట్రయల్స్ కార్డు అడుగుతాయి. కార్డు తీసుకోవట్లేదంటే డబ్బులు లేవని కాదు. 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం కొత్త కార్డుల్లో ఆన్‌లైన్ వాడకం, విదేశీ లావాదేవీలు మూసి ఉంచే ఇస్తారు, మనమే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ఆన్ చేయండి, లిమిట్ తక్కువ పెట్టండి, ట్రయల్ మొదలయ్యాక విదేశీ స్విచ్ మళ్లీ ఆఫ్ చేసేయండి. నాన్న జీతం పడే అకౌంట్ కార్డు మాత్రం ఇవ్వకండి, అవసరమైనంత మాత్రమే డబ్బు ఉండే వేరే అకౌంట్ కార్డు వాడండి. ఫారంలో అడ్రస్ బ్యాంకులో ఉన్నట్టే కొట్టండి, పిన్‌కోడ్ 6 అంకెలు, ఫోన్ నంబర్ ముందు +91 ఉంటే సున్నా పెట్టొద్దు.

నెలనెలా దానంతటదే కట్ అయ్యే చెల్లింపులకు 2021 అక్టోబర్ 1 నుంచి ఇంకో రూల్ ఉంది. మొదటిసారి ఓటీపీతో మీరు ఒప్పుకోవాలి, దాన్నే ఈ-మాండేట్ అంటారు. ఆ తర్వాత 15,000 రూపాయల వరకు ఓటీపీ లేకుండానే పోతుంది, కానీ కట్ చేసే ముందు కనీసం 24 గంటల ముందుగా బ్యాంకు మీకు మెసేజో మెయిలో పంపాలి, వద్దంటే ఆపుకునే వీలు కూడా ఇవ్వాలి. మనం ఆ మెసేజ్‌ని లోన్ల మెసేజ్‌ల మధ్య చూడకుండా వదిలేస్తాం. ట్రయల్ మొదలుపెట్టిన రోజే ఫోన్ క్యాలెండర్‌లో, ముగిసే రోజుకు రెండు రోజుల ముందు అలారం పెట్టండి, ముగిసే రోజున పెట్టొద్దు. వాళ్ల గడియారం మన గడియారం ఒకటి కాదు, మనకు ఇంకా ఒక రాత్రి ఉందనుకుంటే వాళ్లకు అయిపోయి ఉండొచ్చు.

సాఫ్ట్‌వేర్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ప్లాన్ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. లాప్‌టాప్ అమ్మేసినా ఆగదు. వాళ్ల వెబ్‌సైట్‌లో మీ అకౌంట్‌లోకి వెళ్లి క్యాన్సిల్ నొక్కి, "ఆగిపోవద్దు, తగ్గించి ఇస్తాం" అనే పేజీలన్నీ దాటి, చివరికి క్యాన్సిల్ అయిందన్న మెయిల్ వచ్చాకే అయినట్టు. ఆ మెయిల్ స్క్రీన్‌షాట్ దాచండి. తర్వాత బ్యాంకు యాప్‌లో మాండేట్ కూడా రద్దు చేయండి. యూపీఐ ఆటోపే ద్వారా ఇచ్చి ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట అన్నీ వరుసగా కనిపిస్తాయి. ఒకసారి అక్కడికి వెళ్లి చూడండి, మీరు మర్చిపోయినవి ఇంకో రెండు దొరకొచ్చు.

బటన్ నొక్కే ముందు చిన్న అక్షరాలు చదవాల్సింది ఒకే చోట: ట్రయల్ తర్వాత ఏ ప్లాన్‌లోకి పోతారు అని. "నెలనెలా" వేరు, "ఏడాది ఒప్పందం, నెలనెలా కట్టేది" వేరు. ఫొటోషాప్ తయారుచేసే అడోబీ ట్రయల్ సాధారణంగా 7 రోజులు. డబ్బు కట్ అయ్యాక కూడా 14 రోజుల్లోపు రద్దు చేసుకుంటే పూర్తిగా తిరిగి ఇస్తారు. ఆ తర్వాత ఏడాది ఒప్పందంలో ఉండి మధ్యలో బయటికి రావాలంటే మిగిలిన నెలల మొత్తంలో సగం కట్టమంటారు. ఈ ఫీజు విషయం కొనేవాళ్లకు సరిగ్గా చెప్పట్లేదని 2024 జూన్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (కొనేవాళ్ల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదు మీద అక్కడి న్యాయ శాఖ అడోబీ మీద కేసు కూడా వేసింది. కాబట్టి ఇది తెలియకపోవడం మీ తెలివితక్కువతనం కాదు, దాన్ని అలా రాశారు. ధర పక్కన పన్ను విడిగా ఉందేమో కూడా చూసుకోండి, 18 శాతం జీఎస్టీ కలిపితే లెక్క మారుతుంది.

ఇన్ని చెప్పాక అసలు అడగాల్సింది, మీకు ట్రయల్ ఇవాళే కావాలా? మా అమ్మాయి చేసిన పొరపాటు తేదీ కాదు, కోర్సులో చేరిన రోజే ఇంకో సాఫ్ట్‌వేర్ ట్రయల్ మొదలుపెట్టి, మొదటి వారమంతా థియరీ చెప్తుంటే ఏడు రోజులూ పోగొట్టుకోవడం. క్లాసులో ఆ సాఫ్ట్‌వేర్ తెరిచే రోజు వచ్చాక, చేయాల్సిన పని, ఫొటోలు, క్లిప్‌లు ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాక మొదలుపెట్టండి. ఇన్‌స్టాలర్ ముందే దింపి పెట్టుకోవచ్చు, గడియారం తిరిగేది సైన్ ఇన్ చేసి ట్రయల్ మొదలుపెట్టాకే.

కొన్ని కోర్సులకు కార్డు, ట్రయల్ గొడవ అసలు అక్కర్లేదు. అకౌంట్స్ నేర్చుకునేవాళ్లకు ట్యాలీ ప్రైమ్‌లో ఎడ్యుకేషనల్ మోడ్ అని ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, కాకపోతే ఎంట్రీలు నెలలో 1, 2, 31 తేదీలకే వేయనిస్తుంది. 15వ తేదీ తీసుకోవట్లేదు, సాఫ్ట్‌వేర్ పాడైందని వచ్చిన పిల్లలు ఉన్నారు, అది పాడవలేదు, ఆ మోడ్ పద్ధతే అంత, నేర్చుకోవడానికి ఆ మూడు తేదీలు సరిపోతాయి. సర్వర్ కోర్సు వాళ్లకు విండోస్ సర్వర్ 180 రోజుల ఎవాల్యుయేషన్ (వాడి చూసుకునే వెర్షన్) మైక్రోసాఫ్టే ఇస్తుంది, కార్డు అడగదు. అయితే మొదటి 10 రోజుల్లో దాన్ని నెట్‌కి కలిపి యాక్టివేట్ కానివ్వాలి, లేకపోతే దానంతటదే ఆగిపోతుంది. ల్యాబ్‌లో వర్చువల్ మెషిన్‌కి బయటి నెట్ ఇవ్వకుండా వాడేవాళ్లకు సరిగ్గా ఇదే జరుగుతుంది. డేటాబేస్ వాళ్లకు ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ నేర్చుకోవడానికి పూర్తిగా ఉచితం. కాలేజీ మెయిల్ ఉన్నవాళ్లు ఆటోడెస్క్ (డిజైన్), జెట్‌బ్రెయిన్స్ (ప్రోగ్రామింగ్) లాంటి కంపెనీల విద్యార్థి లైసెన్సు అడగండి, ట్రయల్ కంటే అది ఎంతో నయం. వీడియోకి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, బొమ్మలకు జింప్, ఇంక్‌స్కేప్ ఉన్నాయి.

తెలుగు పని చేయబోయేవాళ్లు మాత్రం ట్రయల్ మొదటి గంటలోనే ఒక పరీక్ష పెట్టండి. స్త్రీ, లక్ష్మి, జ్యోత్స్న అని టైప్ చేసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కపక్కన పడితే కంగారు వద్దు, ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట టెక్స్ట్ ఇంజిన్‌ని వరల్డ్ రెడీ లేఅవుట్‌కి మార్చి, కొత్త ఫైల్ తెరిచి మళ్లీ కొట్టండి. అప్పటికీ కూడకపోతే ఫాంట్ మార్చి చూడండి. ఒత్తులు నిలబడని సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు కట్టడం మన పనికి దండగ.

క్రాక్ గురించి. ఐదొందల అన్న చెడ్డవాడు కాకపోవచ్చు, అతనికీ ఆ ఫైల్ ఎక్కడిదో తెలీదు. వేసే ముందు యాంటీవైరస్ ఆపమంటాడు, ఆ మాట దగ్గరే లేచి వచ్చేయండి. స్టాప్ డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) ఎక్కువగా ఈ క్రాక్ ఫైళ్ల ద్వారానే వ్యాపించింది. ఒక్కసారి పడితే ఫొటోలు, ప్రాజెక్టులు అన్నింటి పేర్ల చివర ఏదో వింత తోక తగులుతుంది, ఏదీ తెరుచుకోదు, ఫోల్డర్‌లో ఒక చీటీ ఉంటుంది, 980 డాలర్లు కట్టమని, 72 గంటల్లో మాట్లాడితే సగానికి ఇస్తామని. అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు స్కాన్ చేయించి అదే లాప్‌టాప్‌లో పెట్టుకున్న ఒకావిడ మా షాపు బల్ల మీద ఆ చీటీ తెరిచి చూపించింది. ఇంకో కాపీ ఆమె దగ్గర లేదు.

చివరిగా, ట్రయల్ ముగిసే ముందు రోజు మీరు చేసిన పనంతా మామూలు ఫార్మాట్లలో బయటికి తీసుకోండి. వీడియో అయితే ఎంపీ4, బొమ్మలు పీఎన్‌జీ, పేజీలు పీడీఎఫ్. అసలు ప్రాజెక్టు ఫైల్ కూడా ఒక పెన్‌డ్రైవ్‌లో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో. గడువు దాటాక ఫైల్ మీ దగ్గరే ఉంటుంది గానీ తెరిచే తాళం వాళ్ల దగ్గర ఉంటుంది. మా అమ్మాయి ఆ రాత్రి తేదీ సరిచేసుకుని, పదకొండుకి యాక్టివేట్ అయి, ఒంటి గంటకు వీడియో ఎంపీ4గా తీసి నాకు పంపింది. నాలుగు నిమిషాలు, నాగార్జున సాగర్ గేట్లు ఎత్తిన రోజున వాళ్ల నాన్న ఫోన్లో తీసినది.